కాల్లో గడ్డ, పొట్టకి సూది: నాన్నకి ఇంకా ఎన్నాళ్లు?

ప్రశ్న: మా నాన్నకి 64 ఏళ్లు. జీర్ణాశయంలో క్యాన్సర్. ఇంకా ఆపరేషన్ కాలేదు, కీమో నాలుగు సైకిల్స్ అయ్యాయి. రెండో సైకిల్ తర్వాత ఎడమ కాలు ఉబ్బిపోయింది. డాప్లర్ తీసి, తొడ దగ్గర సిరలో రక్తం గడ్డకట్టిందన్నారు. ఏడు వారాల నుంచి ఎనాక్సపారిన్ 60 ఇంజెక్షన్ పొద్దునొకటి, రాత్రొకటి నేనే పొట్టకి చేస్తున్నాను. పొట్టంతా కమిలి నల్లబడింది. పోయిన వారం ప్లేట్‌లెట్లు 41 వేలకి పడిపోయాయని డోసు సగం చేశారు. మొదట అంత అవసరమన్నవాళ్లు ఇప్పుడు సగం చాలంటే ఏది నమ్మాలి? మా పెదనాన్నకి మోకాలి ఆపరేషన్ తర్వాత ఇలాగే కాల్లో గడ్డ వస్తే మాత్రలిచ్చి మూడు నెలల్లో ఆపేశారు. నాన్నకెందుకు ఈ సూదులు? 'కాలిక్కూడా గడ్డ పాకిందటగా' అని చుట్టాలు ఫోన్లు చేస్తున్నారు. రక్తం పలచబడే మందంటే ఎలుకల మందేనని ఇంకొకరన్నారు. నాన్నేమో 'ఉన్న బాధ చాలు, ఇవి ఆపేయమ్మా' అంటున్నారు. ఆపేస్తే ఏమవుతుంది? నాకు రాత్రుళ్లు నిద్ర పట్టడం లేదు.

సమాధానం: ముందు ఆ 'గడ్డ' సంగతి తేల్చేద్దాం. కణితినీ గడ్డే అంటాం, సిరలో పేరుకున్న రక్తాన్నీ గడ్డే అంటాం. క్యాన్సర్ ఉన్న ఇంట్లో ఈ ఒక్క మాట ఎంత కంగారు పెడుతుందో నేను చాలాసార్లు చూశాను. 'కాల్లో గడ్డ వచ్చింది' అని డాక్టర్ చెప్పగానే, వెనకాల నిలబడ్డ మనిషి 'అయ్యో, పాకిందన్నమాట' అని కుర్చీలో కూలబడిపోతాడు. మీ నాన్నగారి తొడలో ఉన్నది రక్తం, ఫైబ్రిన్ అనే పోగులూ కలిసి కట్టిన ముద్ద. క్యాన్సర్ కాలికి పాకడం వల్ల వచ్చింది కాదు. ఫోన్ చేసినవాళ్లకి 'రక్తం గడ్డ' అనో, 'క్లాట్' అనో చెప్పండి, సగం గొడవ తగ్గుతుంది.

అలాగని క్యాన్సర్‌తో సంబంధం లేదా అంటే, పూర్తిగా ఉంది. ఈ సంబంధాన్ని మొదట గట్టిగా చెప్పినవాడు ఆర్మాండ్ ట్రూసో అనే ప్యారిస్ వైద్యుడు, 1865లో. కారణం లేకుండా సిరల్లో గడ్డలు కడుతుంటే లోపల క్యాన్సర్ దాగి ఉందేమో చూడమన్నాడు. రెండేళ్లు తిరక్కుండానే ఆయనకే సిరలో గడ్డ కట్టింది. తన జబ్బేమిటో తనకి అర్థమైపోయిందని శిష్యుడితో అన్నాడట. 1867లో పోయాడు, జీర్ణాశయ క్యాన్సర్‌తోనే. మీ నాన్నగారిదీ అదే క్యాన్సర్ కదా అని దీన్ని శకునంగా తీసుకోకండి. ఆ రోజుల్లో క్యాన్సర్‌కీ మందు లేదు, గడ్డకీ మందు లేదు.

క్యాన్సర్ కణాల్లో చాలావాటికి రక్తం గడ్డకట్టే ప్రక్రియని రెచ్చగొట్టే గుణం ఉంటుంది. పాంక్రియాస్, జీర్ణాశయం, మెదడు క్యాన్సర్లలో ఇది మరీ ఎక్కువ. దానికి కీమో తోడవుతుంది. సిస్‌ప్లాటిన్ లాంటి మందులకి ఈ విషయంలో చెడ్డపేరే ఉంది. నీరసంతో మనిషి మంచానికే అతుక్కుపోతే కాళ్లలో రక్తం మందగిస్తుంది. కీమో ఎక్కించడానికి పెట్టే పోర్టో, సన్న గొట్టమో ఉంటే ఆ సిర గోడకి అదొక ఒరిపిడి. మీ నాన్నగారి విషయంలో ఇందులో కనీసం రెండు మూడు ఒకేసారి కలిసొచ్చి ఉంటాయి. మీరేదో సరిగ్గా చూసుకోకపోవడం వల్ల వచ్చింది మాత్రం కాదు. ఆ మాట మీరు ఉత్తరంలో రాయలేదు గానీ, నిద్ర పట్టకపోవడానికి అదీ ఒక కారణమేమోనని నా అనుమానం.

ఇక పెదనాన్నగారితో పోలిక. ఆయనకి గడ్డ కట్టడానికి కారణం ఆపరేషన్. ఆపరేషన్ అయిపోయింది, ఆయన లేచి నడిచారు, కారణం పోయింది, మూడు నెలల్లో మందూ పోయింది. మీ నాన్నగారి దగ్గర కారణం ఇంకా లోపలే ఉంది. ఒకే కాలు, ఒకే రకం గడ్డ, కానీ రెండూ వేరే కథలు.

మాత్రలెందుకు ఇవ్వలేదన్నది మంచి ప్రశ్న. చాలాకాలం దీనికి మాత్ర అంటే వార్ఫరిన్, దాని తరహావి మాత్రమే. ఎలుకల మందు అన్న పెద్దమనిషి పూర్తిగా అబద్ధం చెప్పలేదు. వార్ఫరిన్ మొదట ఎలుకల్ని చంపడానికే మార్కెట్లోకి వచ్చింది, తర్వాతే మనుషులకి మందైంది. కానీ మీరు చేస్తున్న ఎనాక్సపారిన్ ఆ జాతిదే కాదు, హెపారిన్ కుటుంబంలోది. కాబట్టి ఆ సంగతి అక్కడితో వదిలేయండి.

వార్ఫరిన్‌తో క్యాన్సర్ రోగులకి పెద్ద చిక్కుంది. తిండి తగ్గినా, వాంతులైనా, యాంటీబయాటిక్ వేసినా, కీమో మారినా దాని పనితనం పైకీ కిందకీ ఊగిపోతుంది. రక్తం గడ్డకట్టడానికి ఎంతసేపు పడుతోందో చూసే ఐఎన్‌ఆర్ పరీక్ష చేసి చేసి విసుగొస్తుంది. 2003లో వచ్చిన ఒక పెద్ద పరిశోధన ఈ లెక్క తేల్చింది. క్యాన్సర్ ఉండి గడ్డకట్టిన వాళ్లలో కొందరికి వార్ఫరిన్ తరహా మాత్రలు, కొందరికి డాల్టెపారిన్ అనే ఇంజెక్షన్ ఇచ్చారు. ఇదీ మీ ఎనాక్సపారిన్‌కి దగ్గరి చుట్టమే. ఆరు నెలల్లో మళ్లీ గడ్డ కట్టింది మాత్రల వాళ్లలో నూటికి 17 మందికి, సూదుల వాళ్లలో 9 మందికి. అప్పటి నుంచి క్యాన్సర్ రోగికి గడ్డ అంటే సూదే అన్న పద్ధతి నిలబడింది.

తర్వాత కొత్త మాత్రలొచ్చాయి. అపిక్సబాన్, రివరాక్సబాన్, ఎడాక్సబాన్. వీటికి ఐఎన్‌ఆర్ గోల లేదు. 2020లో వెలువడిన కారవాజియో అనే పరిశోధనలో 1,155 మంది క్యాన్సర్ రోగుల మీద అపిక్సబాన్‌ని డాల్టెపారిన్‌తో పోల్చి చూశారు. మళ్లీ గడ్డ కట్టడం మాత్రతో నూటికి 5.6, సూదితో 7.9. పెద్ద రక్తస్రావాలు రెండింట్లోనూ ఇంచుమించు సమానం. అందుకే ఈ రోజుల్లో చాలామంది క్యాన్సర్ రోగులకి మాత్రలే ఇస్తున్నారు. నేనూ ఇస్తాను.

మరి మీ నాన్నగారికి? కణితి ఎక్కడుందో చూడండి. జీర్ణాశయంలో, ఇంకా తీయకుండా ఉంది. కడుపులోనో పేగులోనో కణితి అలాగే ఉన్నవాళ్లలో ఎడాక్సబాన్, రివరాక్సబాన్ వాడితే కణితి దగ్గర నుంచి రక్తం కారే ప్రమాదం సూది కంటే ఎక్కువని పరిశోధనల్లో కనిపించింది. అపిక్సబాన్ ఈ విషయంలో కాస్త నయంగానే తేలినా, ఇలాంటి మనిషికి సూదితో మొదలుపెట్టడం జాగ్రత్తపరుడైన డాక్టర్ చేసే పనే. పైగా కీమో వాంతులు. మింగిన మాత్ర అరగంటలో బయటికొచ్చేస్తే ఎంత లోపలికి వెళ్లిందో ఎవరు చెప్పగలరు? పొట్ట చర్మం కింద వేసిన మందుకి ఆ బెడద లేదు.

ఆపరేషన్ అయ్యాక మాత్రకి మారే మాట రావచ్చు. అప్పుడు జీర్ణాశయం ఎంత తీశారన్నది లెక్కలోకి వస్తుంది. రివరాక్సబాన్ ఎక్కువగా ఒంటబట్టేది జీర్ణాశయంలోనే కాబట్టి, అదే లేనప్పుడు ఆ మాత్రకి పట్టు తగ్గుతుంది. ఏ మాత్ర అన్నది ఆ రోజు సర్జన్, ఆంకాలజిస్టు కలిసి తేల్చాలి.

ఇప్పుడు మిమ్మల్ని ఎక్కువ భయపెట్టిన విషయానికి వద్దాం. డోసు సగం చేయడం. ఇది తడబాటు కాదు, లెక్క. ప్లేట్‌లెట్లు 50 వేల పైన ఉన్నంతవరకు మామూలుగా నిండు డోసు ఇస్తాం. 25 వేలకీ 50 వేలకీ మధ్యకి వస్తే, గడ్డ పాతదైతే సగానికి తగ్గిస్తాం. 25 వేల కిందకి పోతే సాధారణంగా తాత్కాలికంగా ఆపుతాం. గడ్డ కొత్తదా పాతదా అన్నది కూడా చూస్తాం. మొదటి నెల రోజులు మళ్లీ కట్టే భయం బాగా ఎక్కువ. ఆ నెలలో ప్లేట్‌లెట్లు పడిపోతే, ప్లేట్‌లెట్లు ఎక్కించి మరీ నిండు డోసు నడపడానికి చూస్తాం. మీ నాన్నగారిది ఏడు వారాల గడ్డ, ప్లేట్‌లెట్లు 41 వేలు. నేనైనా సగమే చేసేవాణ్ణి.

ప్లేట్‌లెట్లు పడింది కీమో వల్లే అయ్యుంటుంది. హెపారిన్ జాతి మందుల వల్ల కూడా అరుదుగా పడతాయి గానీ, అది ఎక్కువగా మందు మొదలుపెట్టిన 5 నుంచి 10 రోజుల్లో బయటపడుతుంది. ఈ సంగతి మీ డాక్టర్ లెక్కలో ఉండే ఉంటుంది, అయినా ఒక మాట అడిగితే తప్పేం లేదు. అసలు విషయమేమిటంటే, కీమో దెబ్బకి పడిన ప్లేట్‌లెట్లు మళ్లీ పైకి వస్తాయి. వచ్చిన రోజున డోసు కూడా నిండుకి రావాలి. నేను చూసిన పొరపాట్లలో ఎక్కువ ఇక్కడే జరుగుతాయి: తగ్గించడం అందరికీ గుర్తుంటుంది, పెంచడం ఎవరికీ గుర్తుండదు. సగం డోసు మీదే రెండు నెలలు గడిచిపోయి, ఇంకో కాలు వాచాక వచ్చినవాళ్లున్నారు. అందుకని రక్తపరీక్ష రిపోర్టు చేతికి రాగానే 'డోసు మళ్లీ పెంచాలా?' అని మీరే అడగండి.

అడిగేటప్పుడే నాన్నగారి బరువు కూడా చెప్పండి. ఎనాక్సపారిన్ రోజుకి రెండుసార్లు చేసేటప్పుడు కిలోకి ఒక మిల్లీగ్రాము లెక్కన ఇస్తాం. 60 ఇచ్చారంటే అప్పుడాయన 60 కిలోల చుట్టుపక్కల ఉండి ఉంటారు. కడుపు క్యాన్సర్‌తో నాలుగు కీమోలు అయ్యేసరికి ఐదారు కిలోలు తగ్గడం వింతేమీ కాదు. బరువు తగ్గినా డోసు అలాగే ఉంటే మందు ఎక్కువైపోతుంది. కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ పరీక్ష సంగతీ అంతే. ఈ మందు చాలావరకు కిడ్నీల ద్వారానే బయటికి పోతుంది. వాంతులతో ఒంట్లో నీరు తగ్గి కిడ్నీలు మందగిస్తే మందు లోపలే పేరుకుంటుంది.

పొట్ట నల్లబడటం గురించి. కొంత కమలడం మామూలే, ప్లేట్‌లెట్లు తగ్గినప్పుడు ఇంకాస్త ఎక్కువ. కానీ పొట్టంతా అన్నారు కాబట్టి, సూది ఎలా చేస్తున్నారో ఒకసారి సరిచూసుకోండి. నాన్నగారిని వెనక్కి వాలి కూర్చోమనండి. బొడ్డుకి రెండంగుళాలు వదిలి, పక్కగా, కొవ్వున్న చోట బొటనవేలూ చూపుడువేలూ కలిపి చర్మాన్ని మడతలా పట్టుకోండి. సూదిని నిలువుగా, మొత్తం లోపలికి దించండి. మందు మెల్లగా తోయండి. సూది బయటికి తీసేదాకా ఆ మడత వదలొద్దు. చాలామంది సూది దిగగానే మడత వదిలేస్తారు. తీశాక దూదితో అదిమి పట్టండి, రుద్దొద్దు. మనకి ఇంజెక్షన్ అవగానే రుద్దడం చిన్నప్పటి నుంచీ అలవాటు, ఇక్కడ ఆ అలవాటే మచ్చలు తెస్తుంది. పొద్దున కుడివైపైతే రాత్రి ఎడమవైపు. కమిలిన చోట మళ్లీ గుచ్చొద్దు.

సిరంజిలో చిన్న గాలి బుడగ కనిపిస్తుంది. నిండు డోసు చేసేటప్పుడు దాన్ని బయటికి పంపించొద్దు, మందు చివరి బొట్టుదాకా లోపలికి వెళ్లడానికే అది ఉంది. సగం డోసుకి మాత్రం వేరే పద్ధతి. అదనపు మందు ముందుగానే బయటికి తోసేయాలి, అదీ సిరంజి మీద గీతలుంటేనే. మీ దగ్గరున్న సిరంజితో నర్సు ఒకసారి చేసి చూపించేదాకా కళ్లతో అంచనా వేసి చేయకండి. లేదా తక్కువ డోసు సిరంజే విడిగా రాయించుకోండి.

ఆపేస్తే ఏమవుతుందని అడిగారు. ఈ మందు గడ్డని కరిగించదు, రక్తాన్ని నీళ్లలా చేసేదీ కాదు. గడ్డ ఇంకా పెరగకుండా, కొత్తది కట్టకుండా అడ్డుపడుతుంది. ఉన్నదాన్ని శరీరమే నెమ్మదిగా కరిగించుకుంటుంది, నెలల తరబడి. మధ్యలో మందు ఆపేస్తే ఒక్క రోజులోనే ఆ కాపలా పోతుంది. తొడలో గడ్డ పెరిగి, ముక్క తెగి, సిరలోంచి గుండెకీ అక్కణ్ణించి ఊపిరితిత్తులకీ వెళ్లి అడ్డుపడితే దాన్ని పల్మనరీ ఎంబాలిజం అంటాం. ప్రాణం మీదికి తెచ్చేది ఇదే. కాలు వాపు తగ్గింది కదా అని ఆపేయడం అందుకే పనికిరాదు.

ఎన్నాళ్లు అన్నదానికి: కనీసం ఆరు నెలలు. ఆ తర్వాత క్యాన్సర్ ఇంకా ఉన్నా, కీమో నడుస్తున్నా కొనసాగించమనే చెబుతాం. ఆపరేషన్ అయి, కీమో ముగిసి, స్కాన్ శుభ్రంగా ఉంటే ఆపే ఆలోచన చేయొచ్చు. ఆరు నెలల తర్వాత కూడా నిండు డోసే ఉండాలా అన్న ప్రశ్నకి 2025లో ఒక మంచి జవాబు వచ్చింది. అపిక్సబాన్ వాడే క్యాన్సర్ రోగుల్లో ఆరు నెలలు దాటాక డోసు సగం చేసినా గడ్డలు తిరిగి రావడం పెరగలేదు, రక్తస్రావాలు తగ్గాయి. అంటే మున్ముందు నాన్నగారికి తేలికైన దారులున్నాయి. ఈ పొట్ట సూదులే జీవితాంతమని ఇప్పుడే అనుకోనక్కర్లేదు. ఇంకో మాట కూడా నిజాయితీగా చెప్పాలి. క్యాన్సర్ చికిత్స వల్ల ఇక లాభం లేదని, ఉన్నన్నాళ్లు హాయిగా ఉంచుదామని అనుకునే దశ వస్తే ఈ సూదులు ఆపడం తప్పు కాదు. మీ నాన్నగారు ఇప్పుడు ఆ దశలో లేరు.

ఇంట్లో గమనించాల్సినవి. తారులా నల్లటి విరేచనం, వాంతిలో రక్తం, మూత్రం ఎర్రబడటం, ఎప్పుడూ లేనంత తలనొప్పి. వీటిలో ఏది కనిపించినా తర్వాతి డోసు చేయకముందే ఆసుపత్రికి ఫోన్ చేయండి. కింద పడి తలకి దెబ్బ తగిలితే పైకి ఏమీ కనిపించకపోయినా తీసుకెళ్లండి. ఉన్నట్టుండి ఆయాసం, ఊపిరి తీస్తుంటే ఛాతీలో పోటు, దగ్గితే రక్తం, కళ్లు తిరిగి పడిపోవడం జరిగితే ఫోన్లూ వద్దు, నేరుగా ఎమర్జెన్సీకే. నొప్పులకి ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ లాంటివి వద్దు. పారాసిటమాల్ నయం, కాకపోతే వేసేముందు జ్వరం చూడండి, ఎందుకంటే కీమో మధ్యలో జ్వరం వస్తే మాత్రతో అణిచేయకూడదు, వెంటనే చూపించాలి. కండకి ఇచ్చే ఇంజెక్షన్ ఎవరైనా రాస్తే ఈ మందు సంగతి చెప్పండి. పన్ను తీయించాలన్నా, బయాప్సీ అన్నా ముందే చెప్పాలి. మామూలుగా చివరి సూదికీ ఆ పనికీ మధ్య 24 గంటలు ఉండేలా చూస్తారు. వాచిన కాలికి మర్దనా చేయొద్దు. నడవచ్చు. నడిస్తే గడ్డ కదులుతుందన్న భయంతో చాలామంది మనిషిని మంచానికే కట్టేస్తారు. మందు సరిగ్గా పడుతున్నప్పుడు నడకే మంచిది.

నాన్నగారి మాట మిగిలింది. 'ఉన్న బాధ చాలు' అనడంలో బాధ నిజం, దాన్ని కొట్టిపారేయకండి. రోజుకి ఒక్కసారే చేసే పద్ధతి ఏదైనా కుదురుతుందా అని డాక్టర్‌ని అడగండి. ఈ జాతి మందుల్లో అలాంటి వీలుంది, రక్తపరీక్షలు, కిడ్నీలు చూసి ఆయనే చెబుతారు. ఇంకొకటి నా అనుభవంలోంచి. ఈ సూదుల మీద ఎక్కువ విసుక్కునేది, పక్కవాళ్లు చేస్తుంటే పైకప్పు చూస్తూ పడుకునే పేషెంట్లే. కూతురు రోజూ రెండుసార్లు తన పొట్టకి సూది గుచ్చాల్సి వస్తోందన్న బాధ కూడా అందులో ఉంటుంది, బయటికి చెప్పరు. ఈ రాత్రి మడత మీరు పట్టుకోండి, సిరంజి ఆయన చేతికివ్వండి.